నడిచి చూసే చరిత్ర: స్టాక్‌హోం వీధుల నుంచి రేగొండ దారి దాకా

1252 జులైలో స్వీడన్ ఏలిక బిర్గర్ యార్ల్ రాయించిన పత్రంలో స్టాక్‌హోం అన్న పేరు మొట్టమొదట కనిపిస్తుంది. అప్పటికి ఓరుగల్లులో గణపతిదేవుడు గద్దెనెక్కి యాభై ఏళ్లు దాటింది. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఇవాళ రామప్ప అని పిలిచే గుడి కట్టించి శాసనం వేయించి నలభై ఏళ్లు కావస్తోంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌కు మూలమైన కోటను బిషప్ అబ్సలాన్ 1167లో కట్టించాడని చెబుతారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. నార్వే రాజధాని ఓస్లోలో 1300 ప్రాంతంలో ఆకర్స్‌హుస్ కోట లేస్తున్నప్పుడు ఇక్కడ ప్రతాపరుద్రుడు రాజ్యం చేస్తున్నాడు. ఈ మూడు రాజధానులకూ మన కాకతీయ సీమకూ వయసులో పెద్ద తేడా లేదు. ఇవాళ ఆ నగరాలకు వెళ్లిన యాత్రికుడు రెండు మూడు రోజులు కాలినడకన తిరిగి ఆ దేశం ఏడెనిమిది వందల ఏళ్లు ఎలా బతికిందో ఎంతో కొంత అర్థం చేసుకుని వస్తాడు. వరంగల్ వచ్చినవాడు మాత్రం కోటలో తోరణం ముందు ఒక ఫొటో, రామప్పలో నాగిని శిల్పం ముందు ఇంకో ఫొటో దిగి చీకటి పడకముందే తిరుగుదారి పడతాడు. ఈ తేడా ఎందుకు వచ్చింది? వాళ్లకు డబ్బుంది, యుద్ధాల దెబ్బ తగల్లేదు, క్రమశిక్షణ ఉంది అన్నవి సులువుగా దొరికే జవాబులు. చరిత్రను దగ్గరగా చూస్తే ఇవేవీ పూర్తిగా నిలబడవు. ఆ నగరాలను చూడదగ్గవిగా చేసింది పందొమ్మిదో శతాబ్దంలో బలపడిన ఒక అలవాటు: గతాన్ని చదువురాని మనిషి కూడా నడిచి చూసి తెలుసుకునేటట్టు ఉంచడం. అదే కాలంలో తెలుగు నేల మీద కూడా గతాన్ని కాపాడే ఉద్యమం నడిచింది. కాకపోతే అది పుస్తకాల్లోకి వెళ్లింది, ఊళ్లలోకి రాలేదు.

స్టాక్‌హోంలో అందరూ ముందు వెళ్లేది గామ్లా స్టాన్ అనే పాత ఊరికి. ఇరుకు సందులు, కాషాయ, పసుపు రంగు గోడలు, కాళ్ల కింద గుండ్రాళ్లు పరిచిన బాట. ఎప్పటినుంచో ఇలాగే ఉండి ఉంటుందని చూసినవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి అక్కడి పాత రాజకోట ట్రే క్రోనర్ 1697లో కాలిపోయింది. ఇప్పుడు కనిపించే రాజభవనం పద్దెనిమిదో శతాబ్దపు కట్టడం. మిగిలిన ఊరు పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి పేదలు కిక్కిరిసి ఉండే మురికివాడ అయింది. 1862లో ఏ. ఇ. రుడ్‌బెర్గ్ అనే ఆయన ఆ ఇళ్లలో చాలా భాగం కూలగొట్టి, వెడల్పాటి వీధులు వేసి కొత్త ఊరు కట్టాలని పథకం గీశాడు. అప్పటి చదువుకున్నవాళ్లకు అది వింతగా తోచలేదు. పారిస్ ఆ పనే చేస్తోంది. డబ్బు కుదరక, స్థలాల యజమానులు ఒప్పుకోక పథకం ఆగింది. 1901లో ఏర్పడిన సాంక్ట్ ఎరిక్ సమాజం 1930లలో సెఫియస్ అనే ఒక ఇళ్ల సముదాయాన్ని తీసుకుని, లోపల గాలి వెలుతురు రాకుండా కిక్కిరిసిన చిల్లర కట్టడాలు తొలగించి, బయటి గోడలను నిలబెట్టి, పాత ఇళ్లలోనే కొత్తగా బతకొచ్చని చేసి చూపించింది. అంటే ఇవాళ ఫొటోల్లో కనిపించే పాత స్టాక్‌హోం సగం యాదృచ్ఛికంగా మిగిలింది, సగం ఇరవయ్యో శతాబ్దంలో కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. పూర్వీకులు అప్పజెప్పిన ఆస్తిగా అది అక్కడివాళ్ల చేతికి రాలేదు.

ఆ నిర్ణయాలకు వెనక ఒక పాత వేరు ఉంది. 1666లోనే స్వీడన్ రాజప్రభుత్వం పురాతన కట్టడాలను, రాతి శాసనాలను, సమాధి దిబ్బలను ఎవరూ పాడుచేయరాదని ఆజ్ఞ జారీ చేసింది. యూరప్‌లో ఈ రకం చట్టాల్లో అది అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి. అయితే చట్టం మనిషి చెయ్యిని ఆపగలదు గానీ, మనసులో మక్కువ పుట్టించలేదు. ఆ పని కోపెన్‌హాగెన్‌లో ఒక వర్తకుడి కొడుకు చేశాడు. క్రిస్టియన్ యూర్గెన్‌సెన్ థామ్‌సెన్ పొలాల్లో దొరికిన రాతి గొడ్డళ్లు, కంచు కత్తులు, ఇనుప పనిముట్లను వరసలో పెట్టి, మనిషి చరిత్రను రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం అని మూడుగా విడదీశాడు. మన బడుల్లో ఇప్పటికీ పిల్లలు నేర్చుకునే విభజన ఇదే. 1819లో సందర్శకులకు తలుపులు తెరిచిన సంగ్రహాలయంలో ఆయన వచ్చినవాళ్లను తానే వెంట తిప్పి చూపించేవాడు. అందులో రైతులంటే ఆయనకు ప్రత్యేకమైన శ్రద్ధ. పొలం దున్నుతుంటే నాగలికి తగిలిన వస్తువును పారేయకుండా తెచ్చివ్వాల్సింది వాళ్లే కదా. వస్తువు ఇచ్చేవాడే దాని కథ వినాలన్న ఈ చిన్న తర్కంలో పెద్ద విషయం ఉంది. చరిత్ర పండితుడి సొత్తుగా మిగలకుండా, దాన్ని తవ్వి తీసినవాడి సొంతమయింది.

ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లిన మనిషి ఆర్తూర్ హాజేలియుస్. 1872లో ఆయన స్వీడన్ నడుమ ఉన్న దాలార్నా పల్లెల్లో తిరిగినప్పుడు ఊరూరికీ వేరుగా ఉండే బట్టలు, సామాను, పనివాళ్ల పద్ధతులు కళ్లెదుటే కనుమరుగవుతున్నట్టు గమనించాడు. మరుసటి ఏడు స్టాక్‌హోంలో జానపద వస్తువుల ప్రదర్శనశాల తెరిచాడు. అదే తర్వాత నార్డిస్కా మ్యూజియం అయింది. వస్తువులు అద్దాల బీరువాల్లో ఉంటే వాటిని వాడిన బతుకు కనిపించదని, నిలువెత్తు బొమ్మలకు ఆ బట్టలు తొడిగి, వాటి చుట్టూ ఇంటి వాతావరణం కల్పించాడు. అది కూడా చాలలేదు. 1891లో నగరంలోని యుర్‌గోర్డెన్ దీవి గుట్ట మీద స్కాన్సెన్ పేరిట ఆరుబయలు ప్రదర్శనశాల తెరిచాడు. మోరా ప్రాంతం నుంచి తెచ్చిన ఒక రైతు ఇంటిని చూస్తే ఆయన ఉద్దేశం అర్థమవుతుంది. దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలల్లో కోసి ఇరికించిన చిన్న ఇల్లు అది. లోపల పొయ్యి, గోడకే అమర్చిన మంచాలు, వెలుతురు పడే చోట బల్ల. దుంగలు విప్పి తెచ్చి మళ్లీ అదే వరసలో కట్టారు. అక్కడ పనిచేసేవాళ్లు ఆ కాలపు బట్టలు కట్టుకుని, నూలు వడికి, రొట్టెలు కాల్చి, అడిగినవాళ్లకు జవాబు చెబుతారు. ఇలా దేశం నలుమూలల నుంచీ వచ్చి చేరిన కట్టడాలు ఇప్పుడు 150 దాకా ఉన్నాయి. కోటలూ కిరీటాలూ కాకుండా కూలివాడి గుడిసె, కమ్మరి కొలిమి, పల్లె బడి కూడా దేశ చరిత్రేనని రాజధాని నడిబొడ్డున చాటిన మొదటి చోట్లలో ఇదొకటి. ప్రపంచంలో ఆరుబయలు మ్యూజియంలు చాలా దీన్ని చూసి పుట్టినవే.

వాళ్లు ధనవంతులు కాబట్టి ఇదంతా చేయగలిగారన్న మాటను ఇక్కడ తూచి చూడాలి. హాజేలియుస్ కాలానికి స్వీడన్ యూరప్‌లో బీద దేశాల్లో ఒకటి. 1867 నుంచి 1869 దాకా పంటలు పోయి ఆకలితో జనం అల్లాడారు. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి 1930 దాకా పది లక్షలకు పైగా స్వీడన్ జనం పొట్ట చేతపట్టుకుని అమెరికాకు వలసపోయారు. దాలార్నా ఇళ్లను హాజేలియుస్ ఎందుకు అంత ఆత్రంగా కొన్నాడో ఈ నేపథ్యంలో చూస్తేనే తెలుస్తుంది: ఊళ్లు ఖాళీ అవుతున్నాయి, యువత ఓడెక్కుతోంది, యంత్రంతో నేసిన బట్ట చేతిమగ్గాన్ని మింగేస్తోంది. పాలమూరు వలసలు, సిరిసిల్ల మగ్గాల కష్టాలు ఎరిగిన మనకు ఇది పరాయి కథ కాదు. ఆయన స్కాన్సెన్‌ను నడిపింది ఎక్కువగా చందాలతో, టికెట్ డబ్బుతో. అది పేదరికం నడుమ, పోగొట్టుకుంటున్నామన్న భయంలోంచి పుట్టిన ప్రయత్నం. సంపద తర్వాత వచ్చింది. వచ్చాక ఈ పునాది మీద పెద్ద మ్యూజియంలు కట్టుకున్నారు. డబ్బు లేనిదే ఏమీ చేయలేమన్న వాదం కనీసం ఈ నగరం విషయంలో తలకిందులుగా ఉంది.

యుద్ధం, విధ్వంసం అన్న అభ్యంతరం కొంత బలమైనదే. 1323లో ఉలుగ్ ఖాన్ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయి సుల్తాన్‌పూర్ అయింది. కోట నడిమధ్య ఉన్న స్వయంభూ శివాలయం నేలమట్టమయింది. దాని నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు మాత్రం మిగిలాయి. రాజధానికి అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకేముంటుంది? అయితే స్కాండినేవియా రాజధానులు చెక్కుచెదరకుండా వచ్చాయనుకోవడం పొరపాటు. కోపెన్‌హాగెన్ 1728లోనూ 1795లోనూ పెద్ద అగ్నిప్రమాదాల్లో కాలింది. 1807లో ఇంగ్లండ్ నౌకాదళం, సైన్యం కలిసి నగరం మీద ఫిరంగి గుండ్లు కురిపించాయి. అబ్సలాన్ కోట గోడలు ఇప్పుడు పార్లమెంటు ఉన్న క్రిస్టియాన్స్‌బోర్గ్ భవనం కింద శిథిలాలుగానే ఉన్నాయి. ఆ శిథిలాలనే దిగి చూసేలా ఏర్పాటు చేశారు. ఓస్లో 1624లో తగలబడితే రాజు దాన్ని పక్కకు జరిపి కట్టించి క్రిస్టియానియా అని పేరు పెట్టాడు. పాత పేరు 1925లో గానీ తిరిగి రాలేదు. పేరు సైతం పోగొట్టుకుని తెచ్చుకున్న నగరమది. దెబ్బతిన్న చోటు చూడ్డానికి పనికిరాదన్న సూత్రం ఎక్కడా లేదు. మన తోరణమే దానికి సాక్ష్యం. చుట్టూ గుడి లేకున్నా 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది. శిథిలం దానంతటది ఏమీ చెప్పదు. అక్కడ ఏముండేది, ఎవరు కూల్చారు, ఏది ఎందుకు మిగిలింది అని చెప్పే మనిషో పలకో పక్కన ఉంటే అది నిండు కట్టడం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఇక మన వైపు చూద్దాం. 1886లో నిజాం రైలు వరంగల్ చేరింది. రైలు వెంట చూసేవాళ్లు, కొలిచేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు వచ్చారు. 1914లో హైదరాబాద్ రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. దానికి గులాం యజ్దానీ అధిపతి. అజంతా చిత్రాల పేరుతో ఆయన్ను ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నా, పాలంపేట గుళ్ల మీద 1922లో వెలువడిన ఆయన గ్రంథం కాకతీయ శిల్పాన్ని పండితలోకం ముందు పెట్టిన తొలి సమగ్ర రచన. 1337 ఫసలీలో, అంటే 1927-28లో, ప్రాచీన కట్టడాల పరిరక్షణకు హైదరాబాద్ రాజ్యం సొంత చట్టం చేసుకుంది. స్వీడన్ ఆజ్ఞకు ఇది రెండున్నర శతాబ్దాలు వెనకే గానీ, శాఖ, సర్వే, మరమ్మతు, ప్రచురణ అన్నీ ఆనాటి మంచి సంస్థల తీరులోనే సాగాయి. కాబట్టి ఇక్కడ ఎవరికీ పట్టలేదన్న మాట అబద్ధం. లోటు వేరే చోట ఉంది. యజ్దానీ గ్రంథం ఇంగ్లిషులో ఉంది. పాలంపేటలో చెరువు కింద వరి నాట్లేసే మనిషికి దానితో పని లేదు, గ్రంథానికీ ఆ మనిషితో పని లేదు. థామ్‌సెన్ రైతును పట్టుకుని చూపించిన వస్తువు వంటివే ఇక్కడ కొలతలై, చిత్రపటాలై, గ్రంథాలయ బీరువాల్లోకి చేరాయి.

తెలుగువాళ్లు సొంతంగా చేసిన ప్రయత్నం ఇంతకన్నా వెచ్చగా ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టాయి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రాజ్యంలో గ్రంథాలయమే జనం కూడే చోటయింది. కొమర్రాజు లక్ష్మణరావు పేరిట నిలిచిన పరిశోధక మండలి ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీయించి, 1935లో తెలంగాణా శాసనాలను అచ్చు వేయించింది. అదే ఏడు మారేమండ రామారావు సంపాదకత్వంలో కాకతీయ సంచిక వచ్చింది. 1949లో సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం దానికే దక్కింది. ఈ చివరి పుస్తకాన్ని హాజేలియుస్ పక్కన నిలిపి చూడాలి. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగ చేసుకున్నారు అన్నవాటిని కావ్యాల్లోంచి వెతికి ఏరి కూర్చిన గ్రంథమది. స్కాన్సెన్‌లో కలపతో చేసినదాన్ని సురవరం కాగితం మీద చేశారు. సామాన్యుడి చరిత్ర అన్న ఆలోచన మనకు పరాయిది కాదనీ, దాన్ని మోసుకుపోయిన బండి మాత్రమే వేరనీ దీంతో తేలుతుంది. అచ్చు పుస్తకం తక్కువ ఖర్చుతో దూరం పోతుంది, సర్కారు కన్నుగప్పగలదు. ఆ కాలానికి అదే సరైన దారి. అయితే అక్షరాస్యత చాలా తక్కువగా ఉన్న రాజ్యంలో ఆ దారి చదువుకున్న కొద్దిమందితోనే ఆగింది. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా పుస్తకంలో ఉన్నదాన్ని చోటు దగ్గరికి తెచ్చే రెండో మెట్టు మనం సరిగ్గా ఎక్కలేదు.

ఎక్కడానికి కావాల్సిన సరుకు ఎంత ఉందో చూడాలంటే హనుమకొండ నుంచి ఆత్మకూరు, పరకాల మీదుగా రేగొండకు పోయే దారి చాలు. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద కాల్పులు జరిగిన చోట ఇప్పుడు అమరధామం ఉంది. రేగొండ మండలంలో రావులపల్లి దగ్గర పాండవుల గుట్టలు ఉన్నాయి. ఇసుకరాయి కొండలవి, గాలీ వానా తొలిచిన గుహల్లాంటి నీడల కింద గోడల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో బొమ్మలు. అడవిదున్న, జింక, పులి కొన్ని చోట్ల. విల్లు, బాణం, కత్తి పట్టిన ఆకారాలు మరికొన్ని చోట్ల. గీతలు, వలయాలు, చదరాలు ఇంకొన్ని చోట్ల. వేటాడి బతికిన మధ్య రాతియుగపు మనిషి గీసినవాటి నుంచి మధ్యయుగాల్లో పాండవుల కథ విన్న మనిషి గీసినవాటి దాకా ఒకే గుట్ట మీద వేల ఏళ్ల చేతులు పడ్డాయి. బయటి పరిశోధకులకు ఇవి 1990లో గానీ తెలియలేదు. గుట్టకు పాండవుల పేరు పెట్టుకున్న ఊరివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇంకొంచెం ముందుకు పోతే గణపురంలో కోటగుళ్లు, ఒకే ప్రాకారంలో ఇరవై రెండు గుళ్లు, పక్కన గణపసముద్రం. చేల్పూరులో థర్మల్ పవర్ స్టేషన్, భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు. పక్కకు తిరిగితే రామప్ప. వేటగాడి బొమ్మ, కాకతీయ చెరువు, నిజాం కాలపు తూటా, ఇవాళ్టి బొగ్గు, అన్నీ ఒక పూట ప్రయాణంలో వస్తాయి. స్టాక్‌హోంలో యుర్‌గోర్డెన్ దీవి మీద మ్యూజియం నుంచి మ్యూజియానికి నడిచేవాడు చూసే కాలవిస్తీర్ణం దీనికన్నా తక్కువే. తేడా అంతా ఒకదాన్ని ఇంకోదానితో కలిపి చెప్పే దారం లేకపోవడంలో ఉంది. రామప్పకు 2021 జులై 25న యునెస్కో గుర్తింపు వచ్చాక రాకపోకలు పెరిగినా, అవి రామప్ప దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతున్నాయి.

మనవాళ్లది మొక్కు కోసం పోయే సంప్రదాయం, చరిత్ర కోసం తిరిగే సంప్రదాయం కాదు అని ఒక వాదం ఉంది. మొదటి సగం నిజం. ఇదే రేగొండ మండలంలో కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతరకూ, తిరుమలగిరి దగ్గర బుగులోని వేంకటేశ్వరస్వామి జాతరకూ చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది బస్సుల్లో, బండ్లలో ఇదే సీమ దాటి పోతారు. అయితే జాతర చరిత్రకు ఎదురు నిలుస్తుందని ఎందుకు అనుకోవాలి? కాకతీయ సైన్యాన్ని ఎదిరించి పోరాడారని జనం చెప్పుకునే సమ్మక్క, సారలమ్మల గాథ శాసనాల్లో దొరకని చరిత్రను జాతర ఎలా మోస్తుందో చూపుతుంది. రాజధాని వైపు నుంచి రామప్ప ఒక కథ చెబితే, అడవి వైపు నుంచి మేడారం ఎదురు కథ చెబుతోంది. ఇక రెండో సగానికి జవాబు ఏనుగుల వీరాస్వామి. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి పోయిన ఆయన, దేవుళ్లతో పాటు దారిలో ఊళ్లు, చెరువులు, ధరలు, బస దొరికే చోట్లు, జనం నడవడి అన్నీ రాసిపెట్టాడు. భక్తి, కుతూహలం ఒకే మనిషిలో ఇమిడాయి. స్టాక్‌హోంలో కూడా ఈ రెండింటినీ విడదీయలేదు; మిడ్‌సమ్మర్ పండుగను స్కాన్సెన్‌లో ఇప్పటికీ జనమంతా చేరి చేసుకుంటారు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. స్కాన్సెన్ ఇళ్లను వాటి నేల నుంచి పెరికి తెచ్చింది. బతికిన చోటు లేని ఇల్లు బొమ్మరిల్లు కాదా? ఉత్తరాది సామీ జనాన్ని వాళ్ల గుడారాలతో సహా తెచ్చి చూపరుల ముందు ఉంచిన చరిత్ర కూడా దానికుంది; మనుషులను ప్రదర్శనకు పెట్టడాన్ని ఇవాళ ఎవరూ సమర్థించరు. ఈ విమర్శ న్యాయమైనదే, మనం దాన్ని అలాగే ఒప్పుకోవచ్చు. కట్టడాన్ని కదిలించడం ఎప్పుడు తప్పదో మనకు అనుభవమే. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట వస్తుంటే 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ తవ్వి, దొరికినవాటిని కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ పేర్చారు. శ్రీశైలం నీటిలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చారు. మునిగిపోయేదాన్ని తరలించాలి. రేగొండ సీమలో మునిగేది ఏమీ లేదు. ఇక్కడి మేలంతా అన్నీ ఉన్నచోటనే ఉండటంలో, పైగా చాలావరకు ఇంకా పనిచేస్తుండటంలో ఉంది. రామప్ప చెరువు, గణపసముద్రం కింద ఇవాళ్టికీ వరి పండుతోంది. రామప్పలో ఇవాళ్టికీ దీపం పెడుతున్నారు. కాబట్టి స్కాన్సెన్ పద్ధతిని అరువు తెచ్చుకోనక్కర్లేదు, దాని ఉద్దేశం తెచ్చుకుంటే చాలు. చెరువు తూము ఎలా పనిచేస్తుందో, నీళ్లు ఏ వరసలో వదులుతారో ఆయకట్టు రైతు నోట వినడం ఏ మ్యూజియంలోనూ దొరకని పాఠం.

జనం పోటెత్తితే ఉన్నది కూడా పాడవుతుందన్న భయం చివరిది. పాండవుల గుట్టల మీది రంగు చెమట చెయ్యి తగిలినా, పొగ చూరినా పోతుంది. పోతే తిరిగి రాదు. దీనికి జవాబు స్టాక్‌హోంలోని వాసా ఓడ చరిత్రలో ఉంది. 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాప ఎత్తిన ఆ యుద్ధనౌక రేవు దాటకముందే గాలికి ఒరిగి, ఫిరంగుల కోసం తెరిచిన కిటికీల గుండా నీళ్లు చొరబడి, మైలు దూరమైనా పోకుండా మునిగింది. ఆండర్స్ ఫ్రాన్సెన్ 1956లో దాని జాడ పట్టాడు. 1961 ఏప్రిల్ 24న నీటి పైకి తెచ్చారు. నానిన కలప ఎండితే పగిలిపోతుంది కాబట్టి పాలిఎథిలిన్ గ్లైకాల్ ద్రావణాన్ని పదిహేడేళ్లపాటు, 1979 దాకా, దాని మీద చల్లుతూనే ఉన్నారు. ఆ పదిహేడేళ్లూ జనాన్ని రానిచ్చారు. తడిసి కారుతున్న ఓడను, పనిచేస్తున్నవాళ్లను చూడ్డానికి టికెట్ కొని వచ్చారు. ఇప్పుడున్న మ్యూజియం 1990లో తెరిచాక కూడా చిక్కు తీరలేదు: 2000లో కలపలోని గంధకం ఆమ్లంగా మారుతున్నట్టు బయటపడింది. వచ్చేవాళ్ల తడిబట్టల తేమ కూడా అందులో పాలుపంచుకుందని తేలి, గాలిలో తేమను అదుపుచేసే ఏర్పాటును మెరుగుపరిచారు. సందర్శకుడు ప్రమాదమే, కానీ లెక్కపెట్టి అదుపుచేయగల ప్రమాదం. పైగా ఏడాదికి పది లక్షలకు పైగా వచ్చే ఆ సందర్శకుల వల్లే ఖర్చు చాలావరకు గడుస్తోంది. మన వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. ఇదీ పదిహేడేళ్లు దాటిన పనే, తక్కువ నైపుణ్యమేమీ కాదు: బరువైన రాళ్లను వరస తప్పకుండా దించి, కింది పునాదిని బాగుచేసి, తిరిగి ఎత్తారు. అన్నేళ్లూ పత్రికల్లో ఎక్కువగా కనిపించింది ఆలస్యం గురించిన వార్త. ఆ పనితనం చూడదగ్గదని జనానికి చెప్పి ఉంటే ఒక తరం వరంగల్ పిల్లలు కాకతీయుల నిర్మాణ పద్ధతిని కళ్లారా నేర్చుకునేవారు.

స్టాక్‌హోంను ఆదర్శంగా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే నగరం 1950ల నుంచి రెండు దశాబ్దాల పాటు క్లారా అనే పాత పేటను కార్ల కోసం, ఆఫీసుల కోసం నిర్దాక్షిణ్యంగా కూల్చింది. 1971 మేలో రాజోద్యానంలోని ఎల్మ్ చెట్లు కొట్టబోతే జనం చెట్లెక్కి కూర్చుని ఆపారు; కూల్చివేతల జోరు ఆ తర్వాతే తగ్గింది. అప్పటికి ఎనభై ఏళ్లుగా చరిత్రను నడిచి చూడ్డం అలవాటైన నగరానికి అలా అడ్డుపడే జనం ఉన్నారన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. పరిరక్షణ చట్టాన్ని చివరికి కాపాడేది ఆ చోటు తనదనుకునే పొరుగువాడే. రేగొండ సీమకు కావాల్సింది కూడా అలాంటి పొరుగువాడు. పాండవుల గుట్టల్లో ఒక్కో బొమ్మ దగ్గర ఎంత దూరంలో నిలబడాలో, ఒకసారికి ఎందరు పోవాలో నియమం. శాసనాల్లో ఉన్నదాన్ని పదో తరగతి పిల్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పే పలకలు. పరకాల నుంచి రామప్ప దాకా అన్నిటినీ కాలక్రమంలో కలిపే ఒక దారి పటం. ఆ దారిలో వివరించి చెప్పడానికి చదువుకున్న ఆ ఊళ్ల పిల్లలకే శిక్షణ, జీతం. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు, ఏదీ విదేశీ యాత్రికుడి రాక కోసం ఆగాల్సిన పని కాదు. మొదట రావాల్సిన సందర్శకులు కొడవటంచ జాతరకు వచ్చే జనమే. ఆ జనం దారిలో దిగి గుట్ట మీది దున్న బొమ్మ ఎన్నాళ్లదో అడిగినప్పుడు, సరైన జవాబు తెలుగులో చెప్పగల మనిషి అక్కడ ఉంటే, సురవరం తరం పుస్తకాల్లో మొదలుపెట్టిన పని రెండో మెట్టు ఎక్కినట్టే. దూరదేశాల వాళ్లు ఆ తర్వాత వస్తారు.